ఒకే గిన్నె

హవాయి దీవుల్లో మొలకాయి అనే ద్వీపం ఉంది. దాని ఉత్తరపు అంచున సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల ముక్కకు మూడు వైపులా అలలు, నాలుగో వైపు దాదాపు రెండు వేల అడుగుల నిట్టనిలువు కొండ. కట్టని జైలు అది. 1873 మే 10న ఒక ఆవిరి ఓడ పశువులనూ కుష్ఠు రోగులనూ కలిపి తెచ్చి అక్కడ దింపింది. వాళ్లతో పాటు బిషప్ వెంట ఒక బెల్జియం యువకుడు, కతోలిక గురువు, కూడా దిగాడు. పేరు డామియన్, వయసు ముప్ఫై మూడు. చేతిలో ప్రార్థన పుస్తకం తప్ప సామానంటూ ఏమీ లేదు.

ఆ రోగులను అక్కడికి తోలిన చట్టం మీద హవాయి రాజు సంతకం పెట్టింది 1865 జనవరి 3న. సరిగ్గా అదే రోజున డామియన్‌కు పాతికేళ్లు నిండాయి. అప్పటికి ఆయన మరో దీవిలో గుర్రం మీద ఊరూరూ తిరుగుతూ, తన చేతులతో తానే చర్చిలు కడుతూ ఉన్నాడు. కుష్ఠు అనుమానం ఉన్న తన విశ్వాసులను భటులు పట్టుకుపోవడం, తల్లి నుంచి బిడ్డను, మొగుడి నుంచి పెళ్లాన్ని వేరు చేసి ఓడ ఎక్కించడం కళ్లారా చూశాడు. అందుకే బిషప్ గారు మొలకాయికి ఎవరు వెళ్తారని అడిగితే నేను వెళ్తానన్నాడు. నలుగురు యువ గురువులు ముందుకొచ్చారు. వంతులవారీగా కొన్నాళ్ల చొప్పున ఉండి రావాలని అనుకున్నారు. తాకడంలో, తినడంలో జాగ్రత్తగా ఉండమని మరీ మరీ చెప్పి పంపారు. మొదటి వంతు డామియన్‌ది. రెండో వంతు రానేలేదు, ఆయనే ఉండిపోయాడు.

ఇల్లు లేదు. చిన్న చర్చి పక్కన మన మొగలి జాతికి చెందిన చెట్టు ఒకటి ఉంటే, మొదటి కొన్ని వారాలు దాని కిందే పడుకున్నాడు.

ఆదివారం కలవావో అనే పల్లెలో పొద్దున పూజ. అది కాగానే మూడు మైళ్ల దూరంలోని కలౌపాపాకు వెళ్లి అక్కడ మరో పూజ. మళ్లీ వెనక్కి వచ్చి పిల్లలకు జ్ఞానోపదేశం, జపమాల. మామూలు పల్లె గురువు ఆదివారం కూడా ఇలాగే ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ చర్చిలో కూర్చోవడమే ఒక పరీక్ష. కుళ్లిన పుళ్ల వాసనకు తొలి రోజుల్లో పూజ మధ్యలో ఊపిరి కోసం బయటికి పరుగెత్తాలనిపించేది. కొందరు రోగులు లోపలికి రాకుండా కిటికీల దగ్గరే నిలబడేవాళ్లు. నోట్లో ఊరే చొంగను ఆపుకోలేక మాటిమాటికీ ఉమ్మాల్సి వచ్చేది వాళ్లకు. దేవుడి నేలను పాడు చేస్తామేమోనన్న సిగ్గుతో బయటే ఆగిపోయేవాళ్లు. సంగతి తెలిశాక డామియన్ ఉపదేశం చెయ్యలేదు. రంపం, ఉలి తెచ్చి చర్చి నేలబల్లలకు కన్నాలు పెట్టాడు. వెడల్పాటి ఆకును గొట్టంలా చుట్టి, కన్నంలోకి దించి, దానిలో ఉమ్మవచ్చు. మరుసటి వారం నుంచి వాళ్లు లోపల కూర్చున్నారు. ఈ మనిషి గురించి నేను చదివిన వాటన్నిటిలో నా మనసును పట్టేసింది ఈ కన్నాలే. దయ గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. ఎదుటివాడి సిగ్గు ఎక్కడ ఉందో కనిపెట్టి, అక్కడికి ఉలి పట్టుకెళ్లేవాళ్లు అరుదు.

మిగతా వారం పొద్దున పూజ అవగానే ఇంటింటికీ తిరగడం. పుళ్లు కడిగి కట్లు కట్టడం. వాసన బట్టలకు పట్టకుండా పైపు వెలిగించడం అప్పుడే అలవాటైంది. మధ్యాహ్నం వడ్రంగం. ఆ ఊళ్లో అన్నిటికంటే ఎక్కువ అవసరమైన చెక్కసామాను శవపేటిక. డబ్బున్నవాళ్లకే పెట్టె దొరికేది, మిగతావాళ్లను లోతులేని గోతుల్లో పాతితే పందులు, కుక్కలు వచ్చేవి. డామియన్ స్మశానానికి కంచె కట్టాడు, పెట్టెలు తయారు చేశాడు, చాలా గోతులు స్వయంగా తవ్వాడు. ఒక్క శవమూ లేవకుండా గడిచిన వారాలు తక్కువే. అదే వారంలో నీటి గొట్టాల పనీ ఉండేది. అప్పటిదాకా వేళ్లు లేని చేతులతో, పుండ్లు పడ్డ భుజాల మీద వాగు నుంచి నీళ్లు మోసుకొచ్చుకునేవాళ్లు. గొట్టాలు వచ్చాక, కాస్త శక్తి ఉన్న రోగులను వెంటబెట్టుకొని తానే వాటిని పరిచాడు. తర్వాత గాలివాన వచ్చి గుడిసెలన్నీ కూలిస్తే, కలప తెప్పించి చిన్న చిన్న ఇళ్లు లేపాడు. పాటగాళ్ల బృందం పెట్టాడు, బాజా మేళం పెట్టాడు. ఆర్గాన్ ముందు ఇద్దరు కూర్చొని, ఇద్దరి వేళ్లూ కలిపి పది చేసుకొని వాయించేవారని ఆనాటివాళ్లు చెప్పారు.

మొండివాడు, కోపిష్టి. సాయం ఆలస్యమైతే ఆరోగ్య మండలికి ఘాటుగా ఉత్తరాలు రాసేవాడు. తోటి గురువులతోనూ పేచీలే. ఇది దాచాల్సిన విషయం కాదు. అంత మొండితనం లేకపోతే ఆ నేల మీద ఒక్క గొట్టం కూడా పడేది కాదు.

ఆ వారాల్లో ఆయనకు దొరకనిది ఒక్కటే: తన పాపసంకీర్తనం వినే మరో గురువు. 1873 సెప్టెంబరులో మిషన్ పెద్ద ఒకరు ఓడలో అటుగా వచ్చారు. ఒడ్డుకు దిగి డామియన్‌ను చూడాలనుకున్నారు. కెప్టెన్ ఒప్పుకోలేదు, ప్రభుత్వ ఉత్తర్వు అలాంటిది. డామియన్ చిన్న పడవ వేసుకొని ఓడ దాకా వచ్చాడు. పైకి ఎక్కనివ్వలేదు. దాంతో పడవలోనే నిలబడి, తలెత్తి, డెక్ మీద ఉన్న పెద్దాయనకు వినబడేలా ఫ్రెంచిలో తన పాపాలన్నీ గట్టిగా చెప్పుకున్నాడు. పెద్దాయన పైనుంచే క్షమాపణ మంత్రం చదివారు. ఇద్దరి మధ్యా ఉన్నది నీళ్లు, ఒక చట్టం. అంతకుమించి అడ్డేమీ లేదు.

ఇక గిన్నె సంగతి. హవాయి వాళ్ల తిండి పేరు ‘పోయి’. చేమ జాతి దుంపలు ఉడకబెట్టి, రాతి రోకలితో దంచి, నీళ్లు కలిపి సంకటి కంటే జారుగా చేస్తారు. దాన్ని విడివిడిగా వడ్డించుకోరు. ఇంటి మధ్యలో ఒకే పెద్ద గిన్నె, చుట్టూ అందరూ కూర్చొని వేళ్లతో తీసుకు తింటారు. ఎవరైనా వచ్చి ఆ గిన్నెలో చెయ్యి పెట్టకపోతే, ఆ ఇంటిని వద్దన్నట్టే. డామియన్ చెయ్యి పెట్టాడు. ఆ వేళ్ల పక్కనే, పుండ్లు పడ్డ వేళ్ల పక్కనే, మొండి వేళ్ల పక్కనే. తన పైపు అడిగితే ఇచ్చాడు. వాళ్లు ఆయన్ని కామియానో అని పిలుచుకున్నారు, తమవాడిలా.

పదకొండేళ్లు గడిచాయి. 1884 డిసెంబరులో ఒక రోజు, అలసిపోయి వచ్చి, కాళ్లు వేడి నీళ్లలో పెట్టుకున్నాడు. చర్మం బొబ్బలెక్కింది. నొప్పి తెలియలేదు. అప్పుడు అర్థమైంది. కొద్ది రోజుల్లో డాక్టర్లూ అదే మాట చెప్పారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. డామియన్ మొలకాయిలో అడుగుపెట్టిన 1873లోనే నార్వేలో హాన్సెన్ అనే డాక్టరు ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మక్రిమిని కనిపెట్టాడు. మనుషుల్లో నూటికి సుమారు తొంభై ఐదు మందికి దీన్ని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది. ఇవాళ మందులతో పూర్తిగా నయమవుతుంది, మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ మందులు ఉచితం. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ ఈ రోగుల కోసం ఆసుపత్రి పెట్టి వందేళ్లు దాటింది. అయినా, కుష్ఠు వచ్చిన భార్యకు గానీ భర్తకు గానీ ఆ కారణంతోనే విడాకులు ఇవ్వవచ్చన్న మాట మన దేశపు చట్టాల్లో, హిందూ వివాహ చట్టంలోనూ, క్రైస్తవుల విడాకుల చట్టంలోనూ, 2019 దాకా ఉంది. కాబట్టి ఈ కథ ఎక్కడో దీవుల్లో జరిగిందని, ఎప్పుడో జరిగిందని పక్కన పెట్టవద్దు.

జబ్బు బయటపడ్డాక డామియన్ పని తగ్గించలేదు. కానీ తోటి గురువు ఎవరూ దగ్గర లేక నెలలు గడిచాయి, పాపసంకీర్తనం చేసుకునే దారి లేదు. పైగా హొనొలులులో గోటో అనే జపాన్ డాక్టరు వేడి స్నానాలతో కొత్త వైద్యం చేస్తున్నాడని విన్నాడు. ఒక్కసారి వచ్చి వెళ్తానని 1886లో హొనొలులులోని తన మిషన్‌కు రాశాడు. ఈసారి కెప్టెన్‌ను అడగలేదు, ప్రభుత్వాన్ని అడగలేదు. అడిగింది తన సొంత ఇంటిని, అన్నదమ్ములుగా మాట ఇచ్చుకున్న గురువులను.

జవాబు వచ్చింది. మిషన్ ఇంటికి వస్తే ఒక గదిలోనే ఉండిపోవాలి. రోగుల ఆసుపత్రిలో దిగితే అక్కడ పూజ చెయ్యకూడదు. ఎందుకంటే, నువ్వు పట్టిన పూజ పాత్రతో, నువ్వు తొడుక్కున్న పూజ వస్త్రాలతో మేమెవరమూ పూజ చెయ్యం.

పుండ్లు పడ్డ చేతులు తిరిగే గిన్నెలో పదమూడేళ్లుగా చెయ్యి పెట్టిన మనిషికి వచ్చిన ఉత్తరం అది. ఆ మాట తనను ఎంత గాయపరిచిందో డామియన్ తిరిగి రాశాడు. అయినా ఆ జులైలో వెళ్లాడు. ఆసుపత్రిలోనే దిగాడు, వైద్యం చేయించుకున్నాడు. రాజు కలకౌవా అక్కడికి వచ్చి ఆయన్ని పరామర్శించాడు. కొద్ది రోజులకే తన రోగుల దగ్గరికి తిరిగి వెళ్లిపోయాడు.

1889 ఏప్రిల్ 15న నలభై తొమ్మిదో ఏట పోయాడు. తొలి రాత్రులు పడుకున్న చెట్టు కిందే పాతిపెట్టారు. 1936లో బెల్జియం ప్రభుత్వం కోరి, ఆ దేహాన్ని రాజలాంఛనాలతో లూవెన్ నగరానికి తీసుకెళ్లింది. మొలకాయి ద్వీపవాసులు తమ కామియానోను పోగొట్టుకున్నారు. 1995లో రోమ్ ఆయన్ని ధన్యజీవిగా ప్రకటించినప్పుడు, వాళ్ల మనసు తెలిసి, ఆ దేహంలో ఒక భాగాన్ని హవాయికి తిరిగి పంపారు. గురువులు, బిషప్పులు పవిత్ర అవశేషంగా దాన్ని భక్తితో తీసుకొచ్చి కలవావోలోని పాత సమాధిలో ఉంచారు. 2009లో పునీతుడయ్యాడు.

తిరిగి వచ్చిన ఆ భాగం ఆయన కుడి చెయ్యి. పాత్రను పట్టింది ఆ చెయ్యే.