నల్లమల మీద మబ్బు పట్టినప్పుడు

నా పేరు ట్రోపోమి. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలూ ఐరోపా అంతరిక్ష సంస్థా కలిసి తయారుచేసిన, గాలిలోని వాయువులను కొలిచే పరికరాన్ని నేను. 2017 అక్టోబర్ 13న రష్యాలోని ప్లెసెట్స్క్ నుంచి సెంటినెల్-5పి ఉపగ్రహంలో కూర్చుని నింగికెక్కాను. సుమారు 824 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, మిట్టమధ్యాహ్నం దాటాక శ్రీశైలం మీదుగా వెళ్తుంటాను.

నాకు ఎండే ఆధారం. నేలను తాకి పైకొచ్చే వెలుగులో 2.3 మైక్రాన్ల దగ్గర కొంత భాగాన్ని మీథేన్ మింగేస్తుంది. ఎంత తగ్గిందో నేను పట్టుకుంటే, దాన్నిబట్టి గాలిలో మీథేన్ ఎంతుందో కింద లెక్కగడతారు. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో ఢిల్లీ, ముంబయి నగరాల్లో మీథేన్ ఎక్కువుందని నేను చూపించాను; నాకంటే సన్నని చూపున్న జీహెచ్‌జీశాట్ ఉపగ్రహం అది ఏ చెత్తగుట్ట నుంచో తేల్చింది.

కృష్ణా నది మీది శ్రీశైలం జలాశయం దగ్గర అంత తేలిక కాదు. జలాశయం అడుగున వరదలు తెచ్చిన ఒండ్రు, ఆకూ అలమూ గాలాడక కుళ్లి మీథేన్ పుడుతుంది. ఎండాకాలం నీరు తగ్గి, మునిగి ఉన్న సంగమేశ్వరాలయం బయటపడుతుంది కదా, నీరు దిగే ఆ రోజుల్లోనే అడుగు మీద బరువు తగ్గి బుడగలు బుడబుడా పైకొస్తాయి. లోతు నీళ్లు టర్బైన్లలోంచి దూకినప్పుడూ కొంత గాలిలో కలుస్తుంది. కానీ నేను చూసే కాంతిలో నీళ్లు నల్లగా ఉంటాయి. నల్లమల అడవీ మసకే. పైగా నా చూపులో ఒక్కో గడి అడ్డం 7, నిలువు 5.5 కిలోమీటర్లు: కొండా కృష్ణా అందులోనే కలిసిపోతాయి.

ఇదే నీరు పోతిరెడ్డిపాడు తూముల్లోంచి కాలువలకెక్కి నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పారుతుంది. వరి మడిలో నీరు నిలిస్తే మట్టికి ఊపిరాడదు, అక్కడా మీథేనే. మధ్యమధ్య మడి ఆరబెడితే తగ్గుతుంది. అయితే ఖరీఫ్‌లో మడులు నిండుగా ఉన్న రోజుల్లోనే నాకూ నేలకూ మధ్య మబ్బులు కమ్ముకుంటాయి. నేను కొలవలేని ఆ నెలలను మీథేన్ లేని నెలలుగా లెక్కేయడం తప్పు. అది నన్ను బాధిస్తుంది.

ఇంజనీర్లకూ వ్యవసాయ శాస్త్రవేత్తలకూ నా మనవి ఒక్కటే: వానాకాలంలో జలాశయం మీద తేలే కొలత పెట్టెలు వేయండి, వరి మడుల్లోనూ పెట్టండి. మబ్బు విడిచాక ఆ అంకెలతో నా అంకెలు సరిచూడండి.