తెర మీద తిరిగిన పన్ను

అలైనర్ (పళ్ళను సరిచేసే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు) కేసులు మొదలుపెట్టిన కొత్తలో నేను చేసిన మూర్ఖత్వం ఇది: ల్యాబ్ పంపిన వీడియోనే చికిత్స అనుకున్నాను. స్కాన్ పంపిన కొద్ది రోజులకే కంప్యూటర్ తెర మీద వంకర పళ్ళన్నీ ఒక్కొక్కటే జరిగి చక్కగా వరసలోకి వచ్చేవి. అది చూసి మురిసిపోయి అప్రూవ్ నొక్కేసేవాణ్ణి. ఆ ప్లాన్ గీసింది నోరు చూడని టెక్నీషియన్ అనీ, సంతకం మాత్రం నాదనీ నాకు తట్టలేదు.

అప్పట్లో ఒక అమ్మాయి వచ్చింది, డిగ్రీ చదువుతోంది. క్లిప్పులు వద్దంది. కింది దవడలో ఒక ప్రీమోలార్ (కోర పన్ను వెనకది) బాగా తిరిగి ఉంది. ప్రీమోలార్లు, కోర పళ్ళు గుండ్రంగా ఉంటాయి. వాటిని వట్టి ప్లాస్టిక్‌తో తిప్పడమంటే తడి చేత్తో నున్నటి మూత తిప్పడమే, పట్టు దొరకదు. అందుకే పన్ను మీద కాంపోజిట్‌తో అటాచ్‌మెంట్ అనే చిన్న బొడిపె పెడతాం. ఆ కేసులో ల్యాబ్ వాళ్ళు అటాచ్‌మెంట్ ఇచ్చారు కూడా. "కనిపిస్తుంది సార్, వద్దు" అని ఆ అమ్మాయి అనగానే, పోనీలే అని నేనే తీయించేశాను. అది లేకపోతే ఏమవుతుందో ఆమెకు వివరించి చెప్పాల్సిన బాధ్యత నాది. చెప్పలేదు.

కొన్ని ట్రేలయ్యాక, ట్రే నోట్లో ఉండగానే లైటు వేసి చూశాను. ఆ ప్రీమోలార్ కొసకీ ప్లాస్టిక్‌కీ మధ్య సన్నని సందు ఉంది. అందులో ఉమ్మి బుడగ నిలిచి ఉంది. పన్ను తిరగలేదని ఆ బుడగే చెబుతోంది. అయినా తర్వాతి ట్రే చేతిలో పెట్టి పంపాను. మళ్ళీ వచ్చేసరికి సందు పెరిగింది. అప్పుడు నేనడిగిన మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది: "రోజుకి ఎన్ని గంటలు పెట్టుకుంటున్నావమ్మా?" తినేటప్పుడూ బ్రష్ చేసుకునేటప్పుడూ తప్ప తీయడం లేదంది. నేను నమ్మలేదు. అలైనర్ రోజుకు 20 నుంచి 22 గంటలు ఉండాలని ఆమెకే పాఠం చెప్పాను. తప్పు నా ప్లాన్‌లో ఉంటే, నిజాయితీగా పెట్టుకున్న పిల్లను అనుమానించాను.

చివరికి ఒక సీనియర్ ఆర్థోడాంటిస్టుకు కేసు చూపించాను. ఆయన వీడియో జోలికి పోకుండా ఏ పన్ను ఎటు, ఎంత కదలాలో ఉన్న పట్టిక తెరిచారు. పట్టు లేని పన్నును అంత తిప్పడానికి ఎలా ఒప్పుకున్నావని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అలైనర్లు ఎంతవరకు పనిచేస్తాయో కొలిచిన అధ్యయనాలు ఉన్నాయి. ముందు పళ్ళ మీద క్రావిట్జ్ బృందం 2009లో చేసిన అధ్యయనంలో, తెర మీద చూపిన కదలికలో సగటున 41 శాతమే నోట్లో జరిగింది. పన్నును చిగురు నుంచి బయటికి లాగే కదలికైతే 30 శాతం లోపే. 2020లో మళ్ళీ కొలిస్తే మొత్తం మీద సగటు 50 శాతానికి చేరింది. ఇవి చదవకుండానే నేను కేసులు పట్టాను.

ఆ పన్నుకి బటన్ అంటించి, ఎలాస్టిక్‌తో తిప్పాం. మళ్ళీ స్కాన్ చేసి, ఈసారి అటాచ్‌మెంట్‌తో రిఫైన్‌మెంట్ (దిద్దుబాటు) ట్రేలు చేయించాను. ఖర్చు నేనే భరించాను. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నాను.

ఇప్పుడు ముందు చిగుళ్ళు, ఎక్స్‌రేలో ఎముక చూస్తాను. ఆ తర్వాతే స్కాన్. ప్లాన్ రాగానే కదలికలను విడదీస్తాను. పన్ను కాస్త వాలడం తేలిక. వేరుతో సహా జరగడం, చిగురు నుంచి బయటికి రావడం, గుండ్రటి పన్ను తిరగడం కష్టం. ఒక్కో ట్రేకి కదలిక 0.25 మిల్లీమీటర్ దాటుతోందా, పళ్ళ మధ్య ఎక్కడ ఎంత అరగదీయమన్నారు, తిరగాల్సిన పన్నుకి పక్కన చోటుందా అని చూస్తాను. అటాచ్‌మెంట్లకు ఒప్పుకోని వారికి, వాటి అవసరం ఉన్న కేసులో అలైనర్ వద్దనే చెబుతున్నాను.

అలైనర్లు పెడుతున్న డాక్టర్లకు నా మనవి. ట్రే కూర్చోకపోతే తర్వాతి ట్రే ఇవ్వకండి. పేషెంటును అనుమానించే ముందు మీరు ఒప్పుకున్న ప్లాన్‌ను మళ్ళీ తెరిచి చూడండి. ల్యాబ్ ఎవరిదైనా, వైద్యం మనదే.