బావురుపిల్లికి బోర్డు చదవడం రాదు

కాకినాడ పక్కనున్న కోరింగ అభయారణ్యంలో చేపలు పట్టేవాళ్ళు రెండు రకాలు. ఒకటి బావురుపిల్లి, రెండోది మనిషి. పిల్లి అడుగుజాడ దొరికితే పేపర్లో ఫొటో. మనిషి అడుగుజాడ దొరికితే ‘ఇటెందుకొచ్చావు?’ అన్న ప్రశ్న. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం కూడా మనిషికే. ‘‘పిల్లికి క్యాలెండరు తెలీదు కదండీ’’ అన్నాడు పడవ నడుపుతున్న పెద్దాయన, ఏ కోపమూ లేకుండా.

1978లో దీన్ని అభయారణ్యం చేశారు. అభయం ఎవరికో బోర్డు మీద రాయలేదు.

ఒకప్పుడిది ఓడలు కట్టిన రేవు. ఇక్కణ్ణించి రంగూన్ వెళ్ళిన తెలుగువాళ్ళకు బర్మాలో ‘కోరంగీలు’ అనే పేరే పడిపోయింది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి రేవును ఊడ్చేసింది. అంటే సముద్రం రెండుసార్లు సర్వే చేసి తన హద్దురాయి పాతి వెళ్ళింది. ఆ రికార్డు రెవెన్యూ వారికి దొరకలేదు కాబోలు, 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడచెట్లు కొట్టి, మట్టి పోసి, పేదలకు ఇళ్ళస్థలాలన్నారు. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఏలినవారికి పేదల మీద ప్రేమ పొంగినప్పుడల్లా అది ఉప్పునీటి అంచునే పొంగుతుంది. గజం లక్ష పలికేచోట ఒక్కసారీ పొంగిన పాపాన పోలేదు. పొయ్యిలోకని నాలుగు పుల్లలేరుకున్న ఆడమనిషి అడవికి శత్రువు. లారీలతో మట్టి దింపితే మాత్రం దానికి పథకమని పేరు.

ఇక తాబేళ్ళ సంగతి. గుడ్లు పెట్టడానికి హోప్ ఐలాండ్‌కు ఆలివ్ రిడ్లీలు వస్తాయి. అవి బయటపడేలా ట్రాలు వలకు తలుపుండాలనీ, మరబోట్లు తీరానికి ఎనిమిది కిలోమీటర్ల అవతలే వేటాడాలనీ నిబంధనలు. అయినా చచ్చిన తాబేళ్ళు ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉన్నాయి. వాటికీ చదువు రాదు మరి.

‘‘ఆ తలుపేదో మా అప్పులకీ ఒకటి కుట్టించండి బాబూ’’ అన్నాడు పెద్దాయన.

ఇంతలో చెక్క వంతెన మీంచి చిప్స్ ప్యాకెట్ ఊపుతూ ఒకాయన కేకేశాడు: ‘‘తాతా, పిల్లి ఎక్కడ? టికెట్ కొన్నాం!’’

పెద్దాయన తెడ్డు ఆపలేదు.

‘‘రాత్రొస్తాదండీ. మీరెళ్ళిపోయాక.’’