ఏ సగం?

స్కాట్లాండ్‌లోని డండీ ఊళ్లో పాత రేడియోలు, టీవీలు బాగుచేసే చిన్న కొట్టు. పనికోసం వచ్చిన కుర్రాడి మార్కుల కాగితాన్ని యజమాని ఒక్క చూపు చూసి వెనక్కిచ్చేశాడు.

"ఎనిమిదింట్లో నాలుగు ఫెయిలా? సగం పాసైనవాడితో నాకేం పని?"

బయట వాన జోరుగా ఉంది. తగ్గేదాకా ఉంటానని కుర్రాడు ఓ మూల స్టూలు మీద కూర్చున్నాడు.

అంతలో ఓ పెద్దావిడ గొడుగు ముడుస్తూ వచ్చింది. సంచిలోంచి జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ తీసి బల్లమీద పెట్టింది. 1982లో 175 పౌన్లకు అమ్మకానికొచ్చిన 48కె రకం. ఈ ఊరి టైమెక్స్ ఫ్యాక్టరీలోనే బిగించారు. ఆ లైన్లో పనిచేసింది తనే.

ఆన్ చేస్తే తెరనిండా రంగుల గజిబిజి. యజమాని మూత తీశాడు. బోర్డు మీద మెమరీ చిప్‌లు రెండు జట్లు, జట్టుకు ఎనిమిది. కింది 16కెకి 4116 చిప్‌లు. వాటికి మూడు రకాల కరెంటు కావాలి: 12 వోల్టులు, 5 వోల్టులు, మైనస్ 5 వోల్టులు. ఆ మైనస్ 5 ఆగిపోయి మిగతావి వస్తూంటే అవి మాడిపోతాయి. మీటరు పెట్టి చూశాడు. మైనస్ 5 రావడం లేదు.

ముందు వోల్టేజీ తయారుచేసే చోట పోయిన ట్రాన్సిస్టర్ మార్చాడు. బోర్డు మీది రాగిగీతలు లేచిపోకుండా పాత చిప్‌ల కాళ్లు కత్తిరించి, ఒక్కో కాలూ విడిగా టంకం కరిగించి లాగాడు. సాకెట్లు బిగించి, సొరుగులోంచి వేరే 4116లు తీసి గుచ్చాడు. తెర మీద "1982 సింక్లెయిర్ రీసెర్చ్ లిమిటెడ్" అన్న అక్షరాలు వచ్చాయి. పెద్దావిడ చప్పట్లు కొట్టింది.

"పై 32కె చిప్‌లు ముట్టుకోనక్కర్లేకపోయిందమ్మా. వాటికి 5 వోల్టులు చాలు. నలభై ఏళ్లయినా ఎనిమిదీ భేషుగ్గా ఉన్నాయి. మేలురకం సరుకంటే అదీ! కిందవే నాసిరకం."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"తిరగేశావు నాయనా! నువ్వు పీకేసినవే ఏ వంకా లేని సరుకు. ఆ పైవి అసలు 64 కిలోబిట్ల చిప్‌లు. పరీక్షలో ఒక్కోదాంట్లో సగం ఫెయిలయింది. పారెయ్యకుండా 32 కిలోబిట్ల చిప్‌లుగా చవగ్గా అమ్మేవాళ్లు. సింక్లెయిర్ వాళ్లు అవి కొన్నారు. అందుకే యంత్రం ఆ ధరకి జనానికి అందింది."

"ఫెయిలైనవా? మరి ఎలా పనిచేస్తున్నాయి?"

"ఏ సగం మంచిదో చూసుకునేవాళ్లు. ఒకే వైపు బాగున్నవి ఎనిమిదీ ఒక బోర్డుకి వేస్తే, ఆ వైపే వాడమని చెప్పడానికి ఇదిగో, ఈ తీగముక్క చాలు."

ఆవిడ డబ్బిచ్చి వెళ్లిపోయింది. వాన కూడా తగ్గింది. కుర్రాడు లేచి తలుపు దాకా వెళ్లాడు.

"ఆగు బాబూ," అన్నాడు యజమాని. "నువ్వు పాసైన నాలుగూ ఏవి?"

"ఫిజిక్స్, లెక్కలు, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు. పొద్దున మీరు ఫెయిలైనవే లెక్కపెట్టారు. పక్కవీధి కొట్టాయన వీటిని చదివి, రేపట్నుంచి రమ్మని ఇప్పుడే మెసేజ్ పెట్టాడు."