లేని క్లోరిన్‌కు పదిహేను దశలు

కావేరి నీళ్లు బెంగళూరుకు రావడానికి 1974 నుంచి 2024 దాకా ఐదు దశలు పట్టాయి. తొరెకాడనహళ్లి నుంచి వంద కిలోమీటర్లు, అదీ దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు తోడిపోయాలి మరి. షవర్‌కి తగిలించే గుప్పెడంత ఫిల్టరుకైతే ఏకంగా పదిహేను దశలట!

మారతహళ్లి పీజీలో మనవాడికి జుట్టు ఊడటం మొదలవగానే ముద్దాయి దొరికిపోతాడు: క్లోరిన్. "ఆ నీళ్లు నీకు పడట్లేదు నాన్నా" అని ఫోన్లో అమ్మ. పక్కనే నాన్నగారు నున్నటి బట్టతల తడుముకుంటూ ఉంటారు. ఆయన కర్నూలు దాటి స్నానం చేసిన రోజులు బహు తక్కువ. వారసత్వపు ఆస్తిలో అదీ ఒక వాటా అని పెళ్లిచూపుల ముందు ఎవరు ఒప్పుకుంటారు?

ఇంతకీ ఆ పీజీకి వచ్చేవి బోరు నీళ్లు, లేదంటే ట్యాంకరు నీళ్లు. ట్యాంకరు నింపుకునేదీ ఎక్కువగా ఏదో ఒక బోరు దగ్గరే. వాటిలో చాలావాటికి క్లోరిన్ ముఖమే తెలియదు. ఉన్నదల్లా కాల్షియం, మెగ్నీషియం. బకెట్ అంచున తెల్లగా పేరుకునేదీ, సబ్బును నురగ రానివ్వనిదీ, జుట్టును గరుకుగా చేసేదీ అవే. వాటిని తీయాలంటే రెజిన్ నింపిన సాఫ్ట్‌నర్ కావాలి, దానికి ఉప్పునీళ్లు పట్టిస్తూ ఉండాలి. ఫిల్టరులోని రాగి-జింకు రజను, బొగ్గు పట్టుకునేది క్లోరిన్‌ని. దొంగ పెరట్లో ఉంటే వీధి గుమ్మానికి తాళం! పోనీ, ఆ కాల్షియమైనా జుట్టును తెంపుతుందా? కోయంబత్తూరు వైద్యులు నెల రోజుల పాటు వెంట్రుకలను అలాంటి నీళ్లలో నానబెట్టి, లాగి చూసి, బలంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2013లోనే రాశారు.

కావేరి కుళాయి ఉన్న ఇళ్ల సంగతి వేరు. అక్కడ క్లోరిన్ ఉండాలి కూడా. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలని భారతీయ ప్రమాణాలే చెబుతున్నాయి, లేకపోతే పైపుల్లో క్రిములదే రాజ్యం. ఈత కొలనులో అంతకు చాలా రెట్లుంటుంది, కాబట్టి రోజూ ఈదేవాళ్ల గోడు నిజమే. ఎగ్జిమా ఉన్నవాళ్లదీ నిజమే. వాళ్లు చర్మ వైద్యుణ్ణి అడగాలి, ప్రకటనలో మెరిసే అమ్మాయిని కాదు.

మరి క్లోరిన్ తగలని నీళ్లలో క్లోరిన్ ఫిల్టరు అరిగేదెలా? అయినా కొన్ని నెలలకోసారి కార్ట్‌రిడ్జ్ మార్చమంటారు. మార్చాల్సి వస్తుంది కూడా: అది ఆపలేని కాల్షియమే లోపల సున్నంగా గడ్డకట్టి, ధార సన్నబడిపోతుంది.