తొట్టెల చీర

నేనొక పాత చీరను. చింపి పారేసేంత పాతదాన్ని కాదు. కట్టుకుని నలుగురిలోకి వెళ్లడానికి పనికిరాను గానీ, పసిపిల్లకు చుట్టడానికి నా అంతటిది దొరకదు. నూలుకు ఆ మెత్తదనం రావాలంటే ఇరవయ్యేళ్లు బండకేసి ఉతకాలి. కొట్లో కొంటే వచ్చేది కాదది.

పుట్టింది పోచంపల్లిలో. మా నూలుకు ముందు చిటికి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. అందుకని నా మీది పువ్వు పైన అద్దింది కాదు, నాతోపాటు పుట్టింది. పోచంపల్లి నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కబురు అందేనాటికి నేను ఇబ్రహీంపట్నంలో ఒక ఇంటి దండెం మీద పదేళ్లుగా ఆరుతున్నాను.

నా యజమానురాలిని అమ్మమ్మ అనే పిలుస్తాను, ఇప్పుడు ఇంట్లో అందరూ అలాగే పిలుస్తున్నారు గనక. 1995లో నన్ను కొన్ననాటికి ఆమె బాలింత. ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగకు కట్టుకుంది. మూడేళ్లకు కొడుకు పుట్టాడు. అప్పటికి నా అంచు వెలిసింది. దూలానికి నన్ను రెండు మడతలుగా కట్టి తొట్టెల చేసింది. కట్టుకునే చీర ఊయల చీర కావడాన్ని పదవి పోవడం అనుకుంటారేమో; నాకైతే పదోన్నతే.

ఆమె పుట్టిల్లు సాగర్ రోడ్డు మీద మాల్ దాటాక లోపలికి వెళ్లాలి. ఆర్టీసీ బస్సులో పైన పట్టుకునే కడ్డీలకు నా రెండు కొసలూ ముడేసి, వాణ్ణి అందులో వేసేది. బస్సు గుంతలో పడితే నేనూగాను, వాడూగాడు. ఏడిస్తే పక్కసీటు పెద్దాయన కాలితో ఊపేవాడు. వెనకసీటావిడ "పాలు సరిపోతలేవేమో తల్లీ" అనేది. ఇంకొకావిడ "కాదు, కడుపునొప్పి, వాము నీళ్లు పట్టియ్యి" అనేది. అదంతా దయేనని చెప్పను. ఆ సలహాలు పిల్లాడి ఏడుపుకన్నా ఎక్కువగా తల్లిని ఏడిపించేవి. విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. అయినా "దింపేయండి" అన్న మాట మాత్రం ఆ బస్సులో నేను వినలేదు. పసిబిడ్డ ఏడుపు దుమ్ములాంటిదని, కుదుపులాంటిదని, ప్రయాణంలో అదీ ఒక భాగమని అందరికీ తెలుసు.

ఆ తొట్టెలలో ఊగిన కొడుకు ఇప్పుడు ఆదిబట్లలో పని చేస్తాడు. అక్కడ విమానాల విడిభాగాల కర్మాగారాలు వచ్చాయి. టాటా, బోయింగ్ కలిసి 2018లో తెరిచిన కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతాయి. తర్వాత 737 విమానాల నిలువు తోకలూ మొదలయ్యాయి. ఆ చుట్టుపక్కలే ఒక చోట మావాడు రివెట్లు బిగిస్తాడు. విమానం మాత్రం ఎక్కలేదు. మొదట ఎక్కింది నేనే, అమ్మమ్మ చేతిసంచిలో.

2023 వేసవి. పండక్కి వచ్చి నెల రోజులుండిపోయిన అమ్మమ్మ కూతురు రెండున్నరేళ్ల కొడుకుతో ఢిల్లీకి తిరిగి వెళుతోంది. తోడుగా అమ్మమ్మ. తెల్లవారుజామున మూడింటికి లేపారు వాణ్ణి. బొంగుళూరు గేటు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరేసరికి వాడికి సగం నిద్ర, సగం కోపం. జాతరలో కొన్న బొమ్మ తుపాకీ తనిఖీ దగ్గర ఆగిపోయింది. బొమ్మదైనా సరే, తుపాకీ ఆకారమున్నదేదీ లోపలికి పోనివ్వరు. వాడి లెక్కలో అది పట్టపగలు దోపిడీ.

రెండేళ్లు నిండని పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. నిండితే సొంత సీటు, సొంత బెల్టు. టికెట్టు వాడి పేరునే ఉంది, కానీ ఆ బాధ్యత వాడికి తెలియదు. బెల్టు పెట్టబోతే నడుము విల్లులా వంచాడు. కిందికి జారాడు. ముందుసీటును రెండు కాళ్లతో తన్నాడు. ఆ సీట్లో ల్యాప్‌టాప్ తెరుచుకున్నాయన ఒకసారి తిరిగి చూశాడు, రెండోసారి నిట్టూర్చాడు, మూడోసారి అన్నాడు: "ఏందమ్మా ఇది? పిల్లల్ని చూసుకోరాకపోతే ఎందుకు తీసుకొస్తరు? దింపేయండి, మాకు లేటయితది."

కూతురి మెడ మీద చెమట. బస్సు కడ్డీకి ముడేసిన చీర వేరు, సంచిలో మడత పెట్టిన చీర వేరు. ఆ విమానంలో నన్ను కట్టడానికి ఒక్క కడ్డీ లేదు. నూట ఎనభై మంది భుజాలు రాసుకుని కూర్చున్నారు, ఎవరి గది వారిదన్నట్టు.

ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. కూతురి కన్నా ఆరేడేళ్లు చిన్నదై ఉంటుంది. "అమ్మా, బెల్టు పెట్టకపోతే విమానం కదలదు. కెప్టెన్ వెనక్కి తిప్పమంటే నేనేం చేయలేను" అంది. గొంతులో కాఠిన్యం లేదు, భయముంది. ఆమెను తప్పుపట్టలేను. విమానం పరుగెత్తి ఒక్కసారిగా ఆగాల్సి వస్తే బెల్టు లేని బిడ్డ ఎగిరి ఎక్కడ పడతాడో ఆమెకు నేర్పిన పాఠాల్లో ఉంటుంది.

అప్పుడు అమ్మమ్మ సంచి జిప్పు తీసింది. నన్ను వాడి ఒళ్లో పడేసింది. కప్పలేదు, బుజ్జగించలేదు. నా కొంగు చివరన ముడి ఒకటుంది. నెల రోజులుగా ఆ ముడి నోట్లో పెట్టుకునే నిద్రపోయాడు వాడు. ఏడుస్తూనే వెతికాడు. దొరికింది. ఏడుపు ముక్కుచీదుడుగా మారింది. అమ్మమ్మ ఎడమచేత్తో బెల్టు లాగి టక్కున బిగించింది. "బెల్టు పైకి కనబడాలమ్మా, గుడ్డ కిందుండాలి" అంది ఆ ఎయిర్‌హోస్టెస్. అలా నా మీదుగా బెల్టు వెళ్లింది. విమానం కదిలింది.

కథ సుఖాంతమని అనుకోకండి. దిగేటప్పుడు మళ్లీ ఏడ్చాడు, ఈసారి ఇంకా గట్టిగా. విమానం ముప్పై అయిదు వేల అడుగుల మీద పోతున్నా లోపలి గాలి ఏడెనిమిది వేల అడుగుల కొండ మీదున్నట్టు ఉంటుంది, ఊటీ ఎత్తు అన్నమాట. కిందికి దిగేకొద్దీ ఒత్తిడి పెరిగి చెవి గూబను లోపలికి నొక్కుతుంది. చెవిని గొంతుతో కలిపే గొట్టం తెరుచుకుంటేనే ఆ నొప్పి తగ్గేది. పిల్లలకది సన్నగా, అడ్డంగా ఉంటుంది, త్వరగా తెరుచుకోదు. పెద్దవాళ్లం గుటక వేస్తాం, ఆవలిస్తాం. వాడికి తెలిసింది ఏడవడమొక్కటే. ఆ ఎయిర్‌హోస్టెసే గ్లాసుతో నీళ్లు తెచ్చి "గుటక గుటకగా తాగించండి" అని చెప్పింది. ముందుసీటాయన చెవుల్లో ఏవో పెట్టుకున్నాడు. అది ఆయన హక్కు.

ఆ రాత్రి ఢిల్లీలో ఈ సంగతి విని అల్లుడు ఫోను ముందేసుకుని, విమానాల్లోంచి దింపేసిన ఉదంతాలు ఒక్కొక్కటీ చదివాడు. అటూ ఇటూ వాదించదగ్గవి చాలానే ఉన్నాయి.

మన దారికి దగ్గరిదే ఒకటి. 2022 మే 7న రాంచీ నుంచి హైదరాబాద్‌కు రావాల్సిన ఇండిగో విమానంలోకి దివ్యాంగుడైన ఒక అబ్బాయిని ఎక్కనివ్వలేదు. భయంతో అల్లాడుతున్నాడు, మిగతావారికి ప్రమాదమన్నారు. తోటి ప్రయాణికులే, వాళ్లలో డాక్టర్లూ ఉన్నారు, ఎక్కించమని వాదించారు. తల్లిదండ్రులూ అక్కడే ఆగిపోయారు. పౌరవిమానయాన డైరెక్టరేట్ విచారించి, సిబ్బంది సానుభూతితో మెలిగి ఉంటే అబ్బాయి కుదుటపడేవాడని చెప్పి అదే నెల 28న అయిదు లక్షల జరిమానా వేసింది. ఆ తర్వాత నిబంధన మార్చారు: ప్రయాణంలో ఆరోగ్యం దెబ్బతింటుందని సంస్థకు అనిపిస్తే డాక్టరు స్వయంగా పరీక్షించి చెప్పాలి, సిబ్బంది చూపుతోనే తేల్చేయకూడదు.

ఇంకొకటి 2018 జులైలో. లండన్ నుంచి బెర్లిన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో బయలుదేరిన ఒక భారతీయ కుటుంబాన్ని దింపేశారు. మూడేళ్ల పిల్లాడు ఏడ్చినందుకేనని, అవమానించారని కుటుంబం అంది. టేకాఫ్‌కు ముందు అందరూ కూర్చుని బెల్టు పెట్టుకోవడం భద్రతా నియమమని సంస్థ అంది. వింటుంటే నా ఒంటి మీద బెల్టు బిగుసుకున్నట్టయింది. మాకూ వాళ్లకూ తేడా ఒక చీర కొంగే.

అన్నిటికన్నా నాకు నవ్వు తెప్పించింది వేరే. మన దేశంలో 2017 సెప్టెంబరులో అల్లరి ప్రయాణికులకు శిక్షల పట్టిక పెట్టారు: నోటి దురుసుకు మూడు నెలల వరకు నిషేధం, చేయి చేసుకుంటే ఆరు నెలల వరకు, ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్లకు తక్కువ కాకుండా. ఆ పట్టిక రాయాల్సి వచ్చింది పసిపిల్లల వల్ల కాదు. అదే ఏడాది జూన్‌లో విశాఖపట్నం విమానాశ్రయంలో ఒక ఎంపీ రభస చేశారని విమాన సంస్థలు కొన్నాళ్లు ఆయన్ని ఎక్కనివ్వలేదు. ఆయనది నోట్లో వేలు పెట్టుకునే వయసేమీ కాదు.

మూడు తరాలను మోసిన గుడ్డగా నేను చెప్పేదిదీ. ఏడుపు నేరం కాదు, దానికి దింపడమంటే చెవినొప్పికి శిక్ష వేయడమే. సీటు తన్నడం పిల్లాడి తప్పు కాకపోవచ్చు, తల్లిదండ్రులు ఆపడానికి ప్రయత్నించకపోతే మాత్రం వారి తప్పే. ముందుసీటాయన నడుముకూ విలువుంది. బెల్టు దగ్గర జాలి పనికిరాదు. కెప్టెన్ దింపమంటే దిగాల్సిందే, 1963 నాటి టోక్యో ఒప్పందం నుంచీ ఆ అధికారం ఆయనదే. అయితే దింపే ముందు అయిదు నిమిషాలు, ఒక గ్లాసు నీళ్లు, ఒక మంచి మాట ఖర్చుపెట్టారా అన్నది కూడా లెక్కలోకి రావాలి. నిశ్శబ్దం కావాలనుకునేవారికి ఆ వీలూ ఇవ్వొచ్చు. 2016లో ఇండిగో కొన్ని వరసల్లో పన్నెండేళ్లలోపు పిల్లలు లేకుండా నిశ్శబ్ద మండలం పెట్టింది. జపాన్ ఎయిర్‌లైన్స్ 2019లో సీట్ల పటం మీద పసిపిల్లలు ఎక్కడ కూర్చున్నారో చూపే గుర్తు పెట్టింది. దూరంగా కూర్చోవడానికి దారి ఉన్నప్పుడు దింపమని కేకలేయనక్కర్లేదు.

వారం తర్వాత అమ్మమ్మ ఒక్కతే బయలుదేరింది. పొద్దున్నే నన్ను మధ్యకు పట్టుకుని పళ్లతో కొరికి పర్రున చింపింది. ముడి ఉన్న సగం మనవడి దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు మాట్లాడుతున్నది రెండో సగం.

తిరుగు విమానంలో మూడు వరసల వెనక ఒక పసిగుడ్డు గుక్కపట్టింది. ఆ తల్లి బిడ్డను చూడటం లేదు, చుట్టూ ముఖాలను చూస్తోంది. బెల్టు గుర్తు ఆరగానే అమ్మమ్మ లేచి వెళ్లింది. "నేనెత్తుకోనా బిడ్డా?" అంది. సలహా ఏమీ ఇవ్వలేదు. ఆ అమ్మాయి ఆలోచించేలోపే చేతులు అందించేసింది. అమ్మమ్మ నన్ను భుజాన వేసుకుని, నా మీద పాపను వేసుకుని, ఆ ఇరుకు దారిలో అటూ ఇటూ నడిచింది. పాప ఏడుపాపి, నా మీద ఇన్ని పాలు కక్కి, నిద్రపోయింది.

ఇబ్రహీంపట్నం వచ్చాక మూడుసార్లు ఉతికింది. మరక పోలేదు. ఎవరి పిల్లో కూడా తెలియదు. నాలుగోసారి నానబెట్టకుండానే దండెం మీద వేసింది.