కుక్క లేని కుక్కల వ్యాపారి

అలిపిరి టోల్‌గేటు దగ్గర జేబులో బీడీకట్ట పెట్టుకుని కొండెక్కుదామంటే కుదరదు. సంచీ స్కానర్లో దూరాలి, కారు డిక్కీ తెరవాలి. అదే టోల్‌గేటుకు కాస్త దిగువన, టీ బంకు పక్కన, ఒక మనిషి అట్టపెట్టెలో కుక్కపిల్లను పెట్టుకుని సెల్లులో దాని అమ్మానాన్నల ఫొటోలు చూపిస్తుంటాడు. ఆ పెట్టె తెరవమని అడిగే నాథుడు లేడు.

"ల్యాబు సామీ, ఒరిజినల్. నలభై దినాల పిల్ల. పేపర్లు రేపు వాట్సాప్‌లో పెడతా."

"లైసెన్సుండాదా అబ్బా?"

"నాకెందుకు సామీ లైసెన్సు? కుక్క నాది కాదు గదా! మద్దెలో మాట సాయం, అంతే."

పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పేదీ ఇదే. కాకపోతే పేరయ్య పెళ్ళికూతురిని అట్టపెట్టెలో పెట్టుకుని రాడు.

పాపం, ఈ మాటసాయం మహానుభావుడికి తెలియనిదేమిటంటే, కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో ఆయన సాక్షాత్తూ బ్రీడరే. సొంత కుక్క ఉన్నవాడితోపాటు వ్యాపారినీ, మధ్యలో చేతులు మార్చేవాడినీ అందులోనే కలిపేశారు. రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. ఫీజు రూ.5,000. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, నడివీధిలో పెట్టి అసలే అమ్మకూడదు. మైక్రోచిప్ ఉండాలి, టీకాలు పడాలి. అమ్మాక కూడా ఏడాదికోసారైనా పిల్ల ఎలా ఉందో కనుక్కోవాలట! నెలకో సిమ్ము మార్చే మనిషి ఏడాది తర్వాత ఫోన్ చేసి "పిల్ల కులాసానా సామీ" అని అడగాలన్నమాట. రాసినవారి ఆశావాదానికి దండం పెట్టాలి.

నలభై రోజులకే ఎందుకు తెస్తాడో చెప్పనా? అరచేతిలో పట్టేంత పిల్లకే ధర. ఇంకో రెండు వారాలు తల్లి దగ్గరుంటే మేత ఖర్చు, టీకా ఖర్చు అమ్మేవాడివి. ఈలోగా పార్వో జబ్బు వస్తే నష్టమూ అతనిదే. ఇప్పుడే అంటగడితే ఇవన్నీ మనవి. పార్వో పట్టిన పిల్ల మొదటిసారి లైసెన్సున్న చేతుల్లో పడేది పశువుల ఆసుపత్రి బల్లమీదే.

మరి లైసెన్సు లేకుండా అమ్మితే? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 38వ సెక్షన్ చూడండి. నిబంధన మీరినవాడికి జరిమానా రూ.100 దాకా. మూడు నెలల జైలు కూడా వేయవచ్చని రాశారు గానీ, కుక్కపిల్ల కేసులో జైలుకెళ్ళిన బ్రోకర్ని నేనైతే చూడలేదు. తీసుకుంటే ఐదువేలు, తీసుకోకపోతే మహా అయితే వంద. ఈ లెక్క తెలియడానికి బ్రోకరే కానక్కర్లేదు.

అరవై ఏళ్ళు దాటినా ఆ వంద వందగానే ఉంది. దాన్ని మార్చేదాకా కొనేవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. ఫొటో కాదు, తల్లికుక్కను చూపించమనండి. "అది బెంగుళూరులో ఉండాది సామీ" అన్నాడంటే పర్సు బయటకు తీయకండి.